పనికి పోయే తొవ్వకు నల్ల సైకిల్: ఏది భయం, ఏది అసలు ఇబ్బంది

"రోజూ డ్యూటీకి పోవడానికి ఒక సైకిల్ చూపియ్యన్నా" అని షాపుకు వచ్చే మనిషి, నల్లగొండలోనైనా పాలమూరులోనైనా, ఆ తరవాత అడిగే మాటలు దాదాపు ఒకటే. గేర్లు ఉన్నయా? షాకబ్సర్లు ఉన్నయా? టైరు లావుగ ఉంటదా? డిస్కు బ్రేకా? ఒక్కో ప్రశ్న వెనుక ఒక్కో భయం ఉంటుంది. గేర్ల వెనుక ఎత్తు భయం, షాకబ్సర్ల వెనుక గుంతల భయం, లావు టైరు వెనుక ముల్లు భయం, డిస్కు వెనుక లారీ భయం. ఆ భయాలన్నిటికీ మందులాగా పన్నెండు, పదిహేను వేల సైకిల్ ఇంటికి వస్తుంది. మూడు నెలలు తిరిగేసరికి చాలా ఇళ్ళల్లో అది మెట్ల కిందికి చేరుతుంది. తొవ్వ మీద మనిషిని నిజంగా ఆపేవి షాపులో అడిగిన ఆ నాలుగింటిలో లేకపోవడమే దానికి కారణం.

అందుకే ఇక్కడ సమీక్షకు తీసుకున్నది ఎవరూ అడగని సైకిల్. 28 ఇంచుల చక్రాలు, తీగకు బదులు ఇనుప కడ్డీలతో పట్టే రాడ్ బ్రేకులు, ఒకటే గేరు, వెనుక క్యారియర్, రెండు కాళ్ళ స్టాండు ఉన్న మామూలు నల్ల సైకిల్. పాలవాళ్ళు, మేస్త్రీలు, హమాలీలు ఇప్పటికీ నడిపేది ఇదే. పోను 6 కిలోమీటర్లు, రాను 6 కిలోమీటర్ల లోపు పట్నపు ప్రయాణానికి దీన్ని పదికి ఎనిమిది అనవచ్చు. తగ్గిన రెండు మార్కులూ బ్రేకులవే. పది కిలోమీటర్లు దాటిన వాళ్ళకు, ఉదాహరణకు జడ్చర్ల నుంచి పాలమూరుకు (మహబూబ్‌నగర్‌కు) రోజూ వచ్చిపోయే వాళ్ళకు, ఇది సరిపోయే బండి కాదు. వాళ్ళకు బస్సు ఉంది, రైలు ఉంది.

ముందు దూరం సంగతి. "గంత దూరం ఎట్ల తొక్కుతరు" అనే మాట మోటారు బండికి అలవాటు పడిన కాళ్ళు అనే మాట. నల్లగొండ క్లాక్ టవర్ నుంచి పానగల్ గుళ్ళ దాకా దాదాపు 4 కిలోమీటర్లు. పాలమూరు పట్నం నుంచి పిల్లలమర్రి కూడా అంతే. నల్ల సైకిల్‌కు ముందు పళ్ళ చక్రం 44 పళ్ళు, వెనుక పళ్ళ చక్రం (ఫ్రీవీల్) 18 పళ్ళు ఉంటే, పెడల్ ఒక్క చుట్టుకు బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. నిమిషానికి 45, 50 చుట్లు చాలా నిమ్మళమైన తొక్కుడు. దానికే గంటకు 15 కిలోమీటర్లు వస్తుంది. అంటే 4 కిలోమీటర్లకు 16 నిమిషాలు, సిగ్నళ్ళు, గేదెలు, ఆటోలు కలుపుకుని 20. అదే దూరం బైకు మీద, బండి పెట్టే చోటు వెతుక్కోవడంతో కలిపి, పది నిమిషాలకు తగ్గదు. తేడా పది నిమిషాలు. ఈ లెక్క కాగితం మీద వేసుకోని వాళ్ళకు మనసులో మాత్రం అది ముప్పావు గంట ప్రయాణంలా ఉంటుంది.

డబ్బు లెక్క కూడా దాచకుండా చెప్పాలి. రోజుకు 8 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అంటే 200 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బైకుకు 4 లీటర్లు. లీటరు నూరు దాటినా నెలకు మిగిలేది నాలుగు వందల పైచిలుకే. అందులో పంచర్లు, నూనె, బ్రేకు రబ్బర్లకు వంద పోతుంది. ఆరేడు వేల సైకిల్ ఖర్చు తిరిగి రావడానికి రెండేళ్ళు కావాలి. పెట్రోలు మిగులుతుందన్న ఒక్క ఆశతో కొనేవాళ్ళు అందుకే మధ్యలో వదిలేస్తారు. షేర్ ఆటోకు పోనూ రానూ రోజుకు నలభై పెట్టేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకు ఏడెనిమిది నెలల్లో ఖర్చు తీరుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి బిల్లులో ఆ సంగతి చూసుకోండి.

"ఇది మస్తు బరువు, తొక్కలేం" అనేది రెండో మాట. బరువు నిజమే, 20 కిలోల దాకా ఉంటుంది. కానీ తొక్కే మనిషి 70 కిలోలుంటే, గేర్ల సైకిల్ కొని తగ్గించేది మూడు నాలుగు కిలోలు, మొత్తం మీద నూటికి ఐదు పాళ్ళ లోపు. సైకిల్ బరువుగా తోచడానికి అసలు కారణాలు మూడు. మూడింటికీ ఖర్చు దాదాపు సున్నా. మొదటిది గాలి. ఈ టైరు పక్కన రాసిన మేరకు, సాధారణంగా 40 నుంచి 50 పీఎస్ఐ, గాలి ఉండాలి. బొటనవేలితో నొక్కితే పెద్దగా లోపలికి పోవద్దు. సగం గాలితో తిరిగే సైకిళ్ళే ఎక్కువ. రెండోది సీటు ఎత్తు. సీటు మీద కూర్చుని పెడల్‌ను అడుగుకు తెచ్చి మడమ దాని మీద పెడితే మోకాలు సాఫుగా చాపుకోవాలి. రెండు కాళ్ళూ నేలకు ఆనాలని సీటు దించి నడిపితే తొడలో బలం పూర్తిగా పనిచేయదు, వారం తిరిగేసరికి మోకాలి ముందు భాగం నొస్తుంది. మూడోది చైను. ఎండకాలం దుమ్ములో పదిహేను రోజులకోసారి పాత బట్టతో తుడిచి, లింకు లింకుకు ఒక చుక్క నూనె వేసి, పైన మిగిలినది మళ్ళీ తుడవాలి. ఎక్కువ పోస్తే చెల్క (ఎర్ర ఇసుక నేల) దుమ్ము అంటుకుని రాపిడి ముద్దవుతుంది. గ్రీసు అసలు పూయొద్దు.

ఎత్తుల సంగతికి వస్తే, ఈ రెండు పట్నాల్లో గుట్టలు చూడటానికి పెద్దవే కానీ రోడ్లు వాటి పక్క నుంచి పోతాయి తప్ప మీది నుంచి పోవు. లతీఫ్‌సాబ్ గుట్ట చూసి నల్లగొండలో సైకిల్ కష్టమనుకోవడం చెరువును చూసి బిందె మునుగుతదనుకోవడం లాంటిది. ఉన్నవి చెరువు కట్ట ఎత్తులు, రైల్వే బ్రిడ్జీలు, అక్కడక్కడ సాగిన చిన్న ఎత్తులు. వీటికి ఏడు గేర్లు అవసరం లేదు. వెనుక 18 పళ్ళ ఫ్రీవీల్ తీయించి 20 పళ్ళది వేయిస్తే కాలి మీద భారం పదో వంతు తగ్గుతుంది. 22 పళ్ళది దొరికితే 18 శాతం తగ్గుతుంది. వేగం కూడా అంతే తగ్గుతుంది కానీ పట్నంలో ఆ వేగంతో పని లేదు. ఈ మార్పులో తప్పు జరిగేది చైను దగ్గర. నాలుగు పళ్ళు పెరిగితే చైను ఒక ఇంచు ఎక్కువ కావాలి. లింకు జత కలపకుండా చక్రాన్ని ముందుకు జరిపి సరిపెడితే, వెనుక బ్రేకు రబ్బర్లు రిమ్ము మీద ఒక పక్కకే తాకుతాయి, వాటిని కూడా జరిపించాలి. పూర్తి చైను కవరున్న బండికి 22 పళ్ళది లోపల రేకుకు రాసుకుంటుందేమో బిగించే ముందే చక్రం తిప్పి చూడాలి.

అదే పన్నెండు వేల సైకిల్ తీసుకుంటే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. ముందు షాకబ్సర్లు ఆ ధరలో స్ప్రింగు గొట్టాలే. గుంతలో కొంచెం మెత్తగా ఉంటుంది, ఎత్తులో మాత్రం మీరు నొక్కిన ప్రతి నొక్కుడూ కొంత అందులోకే పోతుంది. 26 ఇంచుల లావు టైరుకు గడ్డలు గడ్డలుగా ఉన్న పట్టు మట్టి తొవ్వకు బాగుంటుంది, తారు మీద గుయ్యిమంటూ లాగుతుంది. వెనుక గేరు మార్చే డెరైలర్ చేయి బండి కుడి పక్కకు పడ్డ ఒక్కసారికే వంగుతుంది, వంగితే చైను చక్రం పుల్లల్లోకి దూకుతుంది. దాన్ని సరిగ్గా సాపు చేసే చేతులు మండల కేంద్రాల్లో తక్కువ. మడ్‌గార్డు, క్యారియర్, స్టాండు, చైను కవరు చాలా వాటికి ఉండవు. పనికి పోయే మనిషికి మొదట కావలసినవే ఆ నాలుగు. ఎక్కువ దూరం, ఎక్కువ ఎత్తు ఉన్న మనిషి గేర్లు తీసుకుంటే తప్పు లేదు, కానీ షాకబ్సర్లు లేని, సన్నటి సాఫు టైర్ల హైబ్రిడ్ రకం చూసుకోవాలి.

ఎండ మాత్రం ఉత్త భయం కాదు. నల్లగొండ జిల్లాలో మే నెలలో 42, 44 డిగ్రీలు కొత్త కాదు. అయితే ఎండ ఎప్పుడు, ఎంతసేపు అన్నది చూడాలి. పొద్దున ఎనిమిదిన్నరకు పోయే మనిషికి జూన్ నడుమ నుంచి మార్చి దాకా ఇబ్బంది లేదు. సాయంత్రం ఐదున్నరకు ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది. పన్నెండు నుంచి నాలుగు మధ్య ఆ రెండు నెలలు సైకిల్ ఎక్కొద్దు. మే నెలలో మూడు వారాలు బస్సెక్కినా ఏడాదిలో 49 వారాలు మిగులుతాయి. ఈ లెక్క వేసుకోకుండా "మన ఎండలకు సైకిలా" అని పన్నెండు నెలలకూ ఒకే తీర్పు చెప్పేస్తున్నాం.

చెమట సంగతి ఇంకో రకం. తొక్కుతున్నంత సేపు గాలికి చెమట ఆరుతూనే ఉంటుంది, దిగిన ఐదు నిమిషాలకే కారుతుంది. కాబట్టి చివరి అర కిలోమీటరు నడక వేగానికి తగ్గించి పోవాలి, దిగినాక నీడన కాసేపు నిలబడి లోపలికి పోవాలి. వీపు సంచి వద్దు, వీపంతా తడిసేది దానివల్లే. సంచిని క్యారియర్ మీద పాత ట్యూబు ముక్కతో కట్టండి. తెల్ల నూలు చొక్కా, తలకు తడిపిన రుమాలు, లీటరు నీళ్ళు. ఇంటికి చేరాక ఉప్పేసిన మజ్జిగ. తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, ఒళ్ళు కాలుతూ చెమట ఆగిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేరి ఒంటి మీద నీళ్ళు పోయించుకుని ఆసుపత్రికి పోవాలి.

ఇక ఎవరూ ముందుగా అడగని అసలు ఇబ్బంది పంచరు. ఈ నేల మీద సర్కారు తుమ్మ లేని తొవ్వ లేదు, చెరువు కట్టల మీద, కొత్త ప్లాట్ల మధ్య మరీ ఎక్కువ. కొమ్మలు కొట్టి రోడ్డు పక్కన వేసిన వారం రోజులు ఆ తొవ్వ వదిలేయాలి. వానలు వెనకబట్టాక పల్లేరు కాయలు ఎండి టైరుకు గుచ్చుకుంటాయి. లావు టైరు దీనికి మందు కాదు, తుమ్మ ముల్లు ఇంచు పైనే ఉంటుంది, ఏ టైరునైనా దాటుతుంది.

చవకగా పనిచేసే ఉపాయం పాత ట్యూబు పొర. పనికిరాని 28 ఇంచుల ట్యూబును గాలి కొట్టే నిపుల్ దగ్గర కోసి, పొడవునా చీల్చి, లోపలి అంచు మీద ఉన్న అతుకు గీతను కత్తిరించి, టైరుకు, మంచి ట్యూబుకు మధ్య పరచాలి. కొసలు రెండూ రెండు ఇంచులు ఒకదాని మీదొకటి రావాలి. కొసలను ఏటవాలుగా కోయకపోతే ఆ అంచే రెండు నెలల్లో ట్యూబును కోస్తుంది. మధ్యలో ముఖానికి వేసుకునే పౌడరు చల్లాలి. చిన్న ముళ్ళు చాలావరకు ఈ పొర దగ్గరే ఆగుతాయి. నిలువునా దిగిన పెద్ద ముల్లు మాత్రం ఆగదు.

పంచరు వేసేటప్పుడు జరిగే తప్పుల్లో పెద్దది, టైరులో ముల్లు తీయకుండానే ట్యూబు అతికించడం. మరుసటి రోజు అదే చోట మళ్ళీ గాలి పోతుంది, మనిషి "ఈ సైకిల్ నాతోటి కాదు" అంటాడు. టైరు లోపల దూది ముద్ద తిప్పితే ముల్లు మొన దాన్ని పట్టుకుంటుంది. ట్యూబును నీళ్ళల్లో ముంచి బుడగలు చూసి రంధ్రం గుర్తు పెట్టుకోవాలి. ప్యాచి కంటే కొంచెం పెద్ద మేర గరుకు కాగితంతో గీరి, సొల్యూషన్ పలుచగా పూసి, నాలుగైదు నిమిషాలు ఆరనివ్వాలి. వేలికి అంటుకోని దశలో ప్యాచి వేసి గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగా అతికిస్తే ఎండకు వేడెక్కిన రోడ్డు మీద ఊడిపోతుంది. నల్ల సైకిల్‌కు వెనుక చక్రం విప్పాల్సిన పని లేదు, టైరును ఒక పక్క రిమ్ము నుంచి లేపి ట్యూబు బయటికి లాగి పని కానివ్వచ్చు. పక్కపక్కనే రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తే అది ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము కొరికిన గుర్తు.

ముల్లు లేకుండానే రోజూ గాలి దిగిపోతుంటే ముందు వాల్‌ట్యూబ్ చూడండి. నిపుల్ లోపలి ఆ చిన్న రబ్బరు గొట్టం మన ఎండలకు రెండు మూడు నెలల్లో పగులుతుంది. రెండు రూపాయల ఆ ముక్క కోసం ట్యూబులు మార్పించిన వాళ్ళు ఉన్నారు. నాలుగు ముక్కలు ఎప్పుడూ సీటు కింద సంచిలో పెట్టుకోండి. వేసేటప్పుడు తడిపి, నిపుల్ పిన్ను పక్కనున్న రంధ్రాన్ని దాటి కిందికి వచ్చేలా ఆ రబ్బరును తొడగాలి.

బ్రేకులకు మార్కులు ఎందుకు తగ్గాయంటే, ఇనుప రిమ్ము తడిస్తే రాడ్ బ్రేకు మొదటి కొన్ని చుట్లు పట్టదు. వానలో ఆగాల్సిన చోటికి బాగా ముందే బ్రేకు తేలిగ్గా నొక్కి పట్టి రిమ్మును తుడుచుకోవాలి, తరవాత గట్టిగా పట్టాలి. రబ్బరు రిమ్ముకు చూపుడు వేలు మందంలో మూడో వంతు దూరంలో ఉండాలి. కేబుల్‌తో నడిచే కాలిపర్ బ్రేకులున్న రకం దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. నల్లరేగడి తొవ్వలో వాన పడితే బురద మడ్‌గార్డుకు, టైరుకు మధ్య గట్టిపడి చక్రం తిరగదు, అక్కడ దిగి నడిపించడమే. చెల్క నేలలో ఆ బాధ తక్కువ.

లారీల భయం గురించి ఒక్కటి తేల్చుకోవాలి, మీ తొవ్వలో జాతీయ రహదారి ఎన్ని మీటర్లు ఉంది? నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా సాగర్ దిక్కు పోయే 565 మీదనో, జడ్చర్ల నుంచి పాలమూరు మీదుగా రాయచూరు దిక్కు పోయే 167 మీదనో రెండు కిలోమీటర్లు పోవాల్సి వస్తే కాలనీ లోపలి తొవ్వ వెతకండి, కిలోమీటరు ఎక్కువైనా నయం. దాటడం తప్పకపోతే చౌరస్తా దగ్గర దిగి నడిచి దాటండి. మామూలు రోడ్డు మీద అంచుకు అతుక్కుని పోవద్దు. తారు అంచు కింద జానెడు దిగువ ఉంటుంది, హారను విని అటు దిగితే పడతారు. రెండు మూడు అడుగులు వదిలి, నేరుగా, ఊగకుండా పోతే వెనుక వాడు చూసి తప్పించుకుంటాడు. సైకిల్‌కు హెల్మెట్ చట్టం లేదు కానీ రాత్రి తిరిగేవాళ్ళు పెట్టుకోవాలి. వెనుక ఎర్ర లైటు ముందు లైటు కంటే ముఖ్యం, డైనమో లైటు బండి ఆగితే ఆరిపోతుంది కాబట్టి బ్యాటరీది కొనండి.

కుక్కలు వేగాన్ని తరుముతాయి. పొద్దుగూకినంక వెంటపడితే వేగం పెంచకుండా ఆగి, దిగి, సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నడవండి, వాటి గల్లీ దాటితే వదిలేస్తాయి. పన్ను గీసుకుపోయినా సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానలో రేబిస్ టీకా వేయించుకోవాలి.

"నలుగురు ఏమనుకుంటరు" అనేది మాత్రం ఏ షాపులోనూ ఎవరూ నోరు తెరిచి అడగరు, కానీ చాలా నిర్ణయాలు అక్కడే ఆగుతాయి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళల్లో సైకిల్ ఉంది. అంత మంది ఇంట్లో ఉన్న బండిని లేనివాళ్ళ బండి అనుకోవడం తప్పు. మేస్త్రీ పది కిలోమీటర్లు తొక్కి పొద్దంతా గోడ కట్టి మళ్ళీ తొక్కుకుంటూ ఇల్లు చేరుతాడు. అతని ముందు నాలుగు కిలోమీటర్లను కష్టమనడానికి మనకు సిగ్గుండాలి. ఆడవాళ్ళకు ఈ మాట ఇంకా గట్టిగా తగులుతుంది. వాళ్ళు వంగిన ఫ్రేము, పూర్తి చైను కవరు, వెనుక చక్రానికి చీర జాలీ ఉన్న రకం తీసుకోవాలి. చున్నీ నడుముకు కట్టుకోకుండా ఎక్కొద్దు, పుల్లల్లో చిక్కితే మెడ లాగుతుంది. మొదటి వారం ఇద్దరు కలిసి పోతే అడిగేవాళ్ళ నోళ్ళు తొందరగా మూతపడతాయి.

కొనే ముందు ఎవరి దగ్గరైనా సైకిల్ అడిగి తెచ్చుకుని, లేదా కిరాయికి దొరికితే తీసుకుని, ఒక ఆదివారం మీ తొవ్వంతా తొక్కి టైము రాసుకోండి. ఎక్కడ దిగాల్సి వచ్చింది, ఎక్కడ కుక్కలు, ఎక్కడ ముళ్ళు, అన్నీ. మరుసటి వారం ఒక పనిదినం అదే టైముకు మళ్ళీ. రెండు కాగితాల్లో ఉన్నవే మీ ఇబ్బందులు, వాటికే డబ్బు పెట్టండి.

షాపులో డబ్బు కట్టే ముందు చక్రం లేపి తిప్పి రిమ్ము ఊగుతుందేమో చూడండి. ముందు 32, వెనుక 40 పుల్లలు, ఒక్కోటి వేలితో మీటితే దాదాపు ఒకే శబ్దం రావాలి. హబ్బుల్లో గ్రీసు వేయించండి, కొత్త సైకిళ్ళు చాలా వాటికి పొడిగానే బిగిస్తారు. పెడల్ తొక్కినప్పుడు చుట్టుకు ఒకసారి టక్కుమంటే, పెడల్ చేయిని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను వదులు. పదిహేను రోజుల తరవాత కాటర్ నట్లు, పుల్లలు, హ్యాండిల్ మళ్ళీ ఒకసారి బిగించాలి. ఆ బిగింపుకు డబ్బు తీసుకోబోమని బిల్లు వెనుక రాయించుకోండి.